ఎండలు ముదరక ముందే: రక్త గ్రూపు పరీక్షలో ఫలితాలు పొసగనప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

మార్చి దాటిందంటే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ల్యాబ్ గది కూడా ఎండ వేడికి లోబడక తప్పదు. కాలేజీలకు సెలవులు వచ్చి రక్తదాన శిబిరాలు తగ్గిపోయే కాలమూ ఇదే. కాబట్టి రక్తకణాల మీది యాంటిజెన్లను (గ్రూపును తెలిపే గుర్తులను) చూపే ఫార్వర్డ్ గ్రూపింగ్‌కూ, సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) యాంటీబాడీలను, అంటే ఆ గుర్తులకు అంటుకునే ప్రోటీన్లను, చూపే రివర్స్ గ్రూపింగ్‌కూ పొంతన కుదరకపోతే ఏం చేయాలో సిబ్బంది అందరికీ ముందుగానే తెలిసి ఉండాలి.

పొంతన కుదిరేదాకా ఏబీఓ గ్రూపును రాసి ఇవ్వకూడదు. రోగి ప్రాణాపాయంలో ఉంటే ఓ గ్రూపు ఎర్రకణాలను, ఆర్‌హెచ్ (పాజిటివా, నెగటివా అన్నది) కూడా తేలని పక్షంలో, ముఖ్యంగా పిల్లలు కనే వయసున్న స్త్రీలకు, ఓ నెగటివ్‌నే వాడాలి. దీనికున్న ఒక మినహాయింపును కింద చెబుతాను.

తేడా కనిపించగానే అరుదైన గ్రూపేమోనని ఉత్సాహపడేవారు ఉంటారు గాని, ముందుగా అనుమానించవలసింది లేబుల్‌ను. ఒకే వార్డులో ఇద్దరు యాదమ్మలు ఉండటం మన దగ్గర వింత కాదు. పేరుతో పాటు వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు సరిచూసి, కొత్తగా రక్తం తీయించి, మొదటి ఫలితం చూడని మరొకరి చేత మళ్లీ పరీక్ష చేయించాలి. సగం తగాదాలు అక్కడే తెగిపోతాయి.

తరువాత చూడవలసింది వేడిని. ఏబీఓ యాంటీబాడీలు ఎక్కువగా ఐజీఎం రకానివి. అవి 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, అంతకంటే చల్లదనంలో బాగా పనిచేస్తాయి. గది 38 డిగ్రీలకు చేరితే అసలే బలహీనంగా ఉన్న రివర్స్ ప్రతిచర్య కంటికి కనిపించకుండా పోవచ్చు. స్లైడ్ మీద చేసే పరీక్షలో అంచులు త్వరగా ఆరిపోయి, ఆ ఎండిన పొక్కునే అగ్లుటినేషన్‌గా (కణాలు గుంపుకట్టడంగా) పొరపడే ప్రమాదం ఉంటుంది కనుక వేసవిలో ట్యూబ్ పద్ధతినే నమ్ముకోవడం మేలు. యాంటీసీరాలను (ఫార్వర్డ్‌కు వాడే యాంటీబాడీ ద్రావణాలను) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసుకుని, ఆ రోజు పని మొదలుపెట్టే ముందు తెలిసిన ఏ, బీ, ఓ కణాలతో వాటి బలాన్ని పరీక్షించాలి. రివర్స్‌కు వాడే కణాల సస్పెన్షన్‌ను (సెలైన్‌లో కలిపిన కణాలను) ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ట్యూబులో కణాలు పగిలి ద్రవం ఎర్రబడితే, వేడికి చెడిందా, యాంటీబాడీ వల్లా అన్నది తేల్చుకోవాలి; ఎందుకంటే యాంటీబాడీ వల్ల జరిగే హీమోలైసిస్ (కణాలు పగలడం) కూడా పాజిటివ్ ఫలితమే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా నిలిచిందంటే కారణం రోగిలోనే వెతకాలి. వృద్ధుల్లోనూ, నాలుగు నెలల లోపు పసికందుల్లోనూ యాంటీబాడీలు తక్కువ. వృద్ధుల సీరంను పరీక్ష కణాలతో కలిపి 15 నుంచి 30 నిమిషాలు గది ఉష్ణోగ్రతలో (20 నుంచి 24 డిగ్రీలు) ఉంచి చూడాలి. అప్పటికీ ప్రతిచర్య రాకపోతే ఓ కణాలను, రోగి సొంత కణాలను కంట్రోల్‌గా పెట్టి 4 డిగ్రీల దగ్గర చూడాలి. మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) వంటి జబ్బుల్లో కణాలు నాణేల దొంతరలా అంటుకుంటే, సీరం తీసి సెలైన్ వేస్తే విడిపోతాయి. కోల్డ్ ఆటోయాంటీబాడీలు (చల్లదనంలో రోగి సొంత కణాలకే అంటుకునేవి) ఉంటే కణాలను 37 డిగ్రీల సెలైన్‌తో కడగాలి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్లో రెండు రకాల కణాలు కలిసి కనబడతాయి. వారి పాత రికార్డు చూడకుండా ఏదీ తేల్చరాదు.

ఏ2 (ఏ గ్రూపులోని ఒక ఉపరకం) వ్యక్తుల్లో కొందరికి యాంటీ-ఏ1 (ఏ1 కణాలకు అంటుకునే యాంటీబాడీ) ఉండి రివర్స్ తప్పుగా వస్తుంది. ఏ1, ఏ2 కణాలను వేరుచేసి చూపే లెక్టిన్‌ను (కణాలను గుంపుకట్టించే మొక్క ప్రోటీన్‌ను) మన పాలమూరు మెట్ట చేలలో పండే ఉలవల నుంచే తీస్తారు!

ఇక ఆ మినహాయింపు. 1952లో ముంబైలో గుర్తించిన బాంబే గ్రూపు వారు ఫార్వర్డ్‌లో ఓ గానే కనిపిస్తారు గాని, వారి సీరం ఓ కణాలను కూడా అగ్లుటినేట్ చేస్తుంది. వారికి ఓ రక్తం ప్రాణాంతకం. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ కాబట్టి రివర్స్‌లో ఓ కణాల ట్యూబును ఎప్పుడూ మానేయవద్దు. యాంటీ-హెచ్‌తో (ఓ కణాల మీద ఉండి వీరిలో లేని హెచ్ యాంటిజెన్‌ను చూసే ద్రావణంతో) నిర్ధారించి, బాంబే గ్రూపు దాత కోసమే వెతకాలి. తోబుట్టువులను ముందుగా పరీక్షించాలి.

పెద్ద కేంద్రానికి శాంపిల్ పంపవలసి వస్తే, ఈడీటీఏ ట్యూబు (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం ఉన్నది), ప్లెయిన్ ట్యూబు (అది లేనిది) రెండూ ఐస్‌ను నేరుగా తాకకుండా పెట్టెలో సర్ది, గత రక్తమార్పిడులు, గర్భాలు, వాడుతున్న మందుల వివరాలతో పాటు మీకు వచ్చిన ప్రతిచర్యల గ్రేడ్‌లను కాగితం మీద రాసి జతచేయండి.