నల్లరేగడి మీద పుట్టింగ్ గ్రీన్: మా పెరట్లో వేసుకున్న తీరు

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో స్కూలు గోల్ఫ్ టీమ్‌లో చేరింది. మేముండే ఫ్రిస్కోలో (టెక్సస్) గోల్ఫ్‌కి కొదవ లేదు, 2022లో గోల్ఫ్ వృత్తి నిపుణుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయమే ఇక్కడికి వచ్చింది. కానీ పుట్టింగ్‌కి, అంటే బంతిని నేల మీద దొర్లించి కప్పులో వేసే సాధనకి, రోజూ ఓ గంట కావాలి. రోజూ తీసుకెళ్లలేక, పెరట్లోనే 14 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవున కృత్రిమ గడ్డితో (టర్ఫ్) గ్రీన్, అంటే పుట్టింగ్ చేసే నున్నటి గడ్డి నేల, వేశాం.

అప్పుడు నాన్న ఆదోని నుంచి వచ్చి ఉన్నారు. మొదటి పార వేయగానే ఓ మట్టిపెళ్ల తీసుకుని నలిపి, "ఒరేయ్, ఇది మన పత్తి నేలేరా" అన్నారు. నిజమే, ఫ్రిస్కో వైపు కూడా నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే శ్రద్ధంతా అడుగున పెట్టండి. ఎంత ఖరీదైన టర్ఫ్ పరిచినా, కింద అరంగుళం కుంగితే బంతి అక్కడ పక్కకి తిరిగిపోతుంది.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కాగితం మీద తీసుకున్నాకే పని మొదలుపెట్టండి. తవ్వడానికి కనీసం రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేస్తే, ఉచితంగా వచ్చి నేల కింద ఉన్న కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, కేబుల్‌కి నారింజ రంగు గుర్తులు పెడతారు. మన స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు చూడరు. వాటిని మనమే ఆన్ చేసి, నీళ్లు చిమ్మే ప్రతి చోటా ఓ పుల్ల గుచ్చుకుని, గ్రీన్ కిందికి వచ్చేవాటిని మూసేయాలి. కిటికీలు కూడా చూసుకోండి. లో-ఈ అద్దాల (వేడిని తిప్పికొట్టే పూత ఉన్నవి) మీద పడి తిరిగొచ్చే ఎండకి టర్ఫ్ కరిగిపోవచ్చు.

వెడల్పు 14 అడుగులే ఎందుకంటే, మాకు దొరికిన రోలు 15 అడుగులది. అతుకు లేకుండా ఒకే ముక్కతో సరిపోయింది. మొదటిసారి వేసేవాళ్లు అతుకు జోలికి పోకపోవడమే మంచిది.

బెర్ముడా గడ్డిని వేళ్లతో సహా తీసేస్తూ నాలుగైదు అంగుళాలు తవ్వండి. తడి మీద తవ్వితే మట్టి ముద్దలు కట్టి పారకి అంటుకుంటుంది, రెండు రోజులు ఆరనివ్వండి. తవ్విన చోట జియోటెక్స్‌టైల్ గుడ్డ తప్పకుండా పరచండి. అది లేకపోతే రేగడి రెండు వానలకే కంకరని మింగేస్తుంది.

దాని మీద సన్నపొడితో కలిసిన కంకర 4 అంగుళాలు రావాలి. మా కొలతకి ఏడు టన్నుల దాకా పట్టింది. ఇక్కడ నేనో తప్పు చేశాను. నాలుగు అంగుళాలూ ఒకేసారి పోసి ప్లేట్ కంపాక్టర్ (నేలని అదిమే మెషీను) నడిపాను. పైన గట్టిగానే కనిపించింది, మడమతో నొక్కితే దిగిపోయింది. సగం కంకర పారతో తీసి మళ్లీ చేశాను. రెండేసి అంగుళాలు పోయండి, నీళ్లు చిలకరించండి, అటూ ఇటూ అడ్డంగా కూడా నడపండి. మెషీను అందని మూలల్లో నాన్న దిమ్మిసతో కొట్టారు.

పైన అరంగుళం రాతిపొడి పోసి పొడవాటి చెక్కతో లాగండి. వాలు ఇంటి వైపు నుంచి బయటికే ఉండాలి. మేం 22 అడుగుల పొడవుకి 4 అంగుళాలు దింపాం, దారం కట్టి రసమట్టంతో చూసుకున్నాం. చీకటి పడ్డాక ఫోన్ టార్చి నేలకి ఆనించి వెలిగించండి. పగలు చదునుగా కనిపించినదంతా నీడలతో నిండిపోతుంది. వేలి మందం గుంట కూడా నల్లటి మచ్చలా కనిపిస్తుంది. మేం మూడు రాత్రులు అలా వెతికి, చేత్తో పొడి చల్లి సరిచేశాం. ఆ తర్వాత బకెట్ నీళ్లు పోసి ఎక్కడైనా నిలుస్తాయేమో చూడండి.

బంతి పడే కప్పు వ్యాసం నాలుగుంబావు అంగుళాలు, లోతు కనీసం 4 అంగుళాలు. అడుగున చిల్లున్న కప్పు కొని, కింద గులకరాళ్లు వేసి, చుట్టూ కాస్త కాంక్రీటు పోయండి. అంచు రాతిపొడి మట్టానికి మించి లేవకూడదు. కొంచెం లేచినా నెమ్మదిగా వచ్చిన బంతి అంచుకి తగిలి పక్కకి పోతుంది. కప్పు చుట్టూ రెండు అడుగులు దాదాపు సమంగా ఉంచండి.

టర్ఫ్‌ని ఎండలో రెండు గంటలు పరచి మెత్తబడనిచ్చి, లాగి, అంచుల్లో మాత్రమే మేకులు కొట్టండి. కోత వెనక వైపు నుంచి, కొత్త బ్లేడుతో. ఇక ఇసుక: గుండ్రటి రేణువుల సిలికా ఇసుక, చదరపు అడుగుకి 2 పౌండ్ల లెక్కన మాకు 50 పౌండ్ల బస్తాలు పన్నెండు దాటాయి. పూర్తిగా పొడిగా ఉండాలి. పలచగా చల్లడం, బ్రష్‌తో పోచల మధ్యకి దించడం, మళ్లీ చల్లడం. రెండు రోజులు పడుతుంది, తొందరపడకండి. గ్రీన్ వేగం ఈ ఇసుకతోనే వస్తుంది. స్టింప్‌మీటర్ (గ్రీన్ వేగం కొలిచే వాలు పట్టీ) నుంచి వదిలిన బంతి మొదట 8 అడుగుల దగ్గర ఆగింది, ఇసుక నిండాక 10 దాటింది. ఆ సాయంత్రం అమ్మాయి అన్నానికి కూడా లోపలికి రాలేదు.

జూలైలో టర్ఫ్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆడే ముందు నీళ్లు చల్లుకోవాలి. గ్రీన్ అంచు వెంబడి నేల నెర్రెలిస్తే వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. "చుట్టూ మట్టిని ఆరనివ్వకురా" అన్నారు. అప్పటి నుంచి అంచుకి అడుగు దూరంలో చెమ్మ కారే పైపు వేసి, ఎండల్లో వారానికి రెండుసార్లు వదులుతున్నాం.