ఐదుగురి బ్యాండ్‌కు అచ్చు మ్యూజిక్ నోట్స్ మార్చి రాసుకోవాలంటే ఏం చేయాలె

వరంగల్, హనుమకొండ, కాజీపేట సైడు పెళ్లి బ్యాండ్‌లైనా చర్చి బ్యాండ్‌లైనా ఇప్పుడు నెట్‌ల నోట్స్ కొనుడు షురూ చేసిన్రు, మంచిదే, కానీ బ్రాస్ క్వింటెట్ (ఐదు ఇత్తడి వాయిద్యాల జట్టు) అని కొంటే రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా ఉంటయి, మన దగ్గర హార్న్ జాగల ఆల్టో సాక్సోఫోన్, ట్యూబా జాగల దానికన్న చిన్నగ ఉండే యుఫోనియం. మార్చి రాసుకునుడు తప్పది.

పైసలు పెట్టి కొన్నం కదా అంటరు. కొంటే ఆ కాయితం చూసి వాయించుకోవచ్చు, మార్చే హక్కు దాంతోని రాదు. మన 1957 కాపీరైట్ చట్టంల అడాప్టేషన్ (మార్చి రాసుడు, ఆ హక్కు పాట హక్కుదారుదే) అంటే ఏందో చెప్పినకాడ అరేంజ్‌మెంట్, ట్రాన్స్‌క్రిప్షన్ (వేరే వాయిద్యాలకు మలిచి రాసుడు) రెండూ సూటిగనే రాసి ఉన్నయి. ఇంకో మాట కూడ మస్తు తిరుగుతది, పెళ్లిల అంతా ఫ్రీ అని. సగం నిజమే, 52వ సెక్షన్ల పెళ్లి ఊరేగింపుల వాయించుడుకు మినహాయింపు ఉన్నది, బరాత్‌కు ఇబ్బంది లేదు. కానీ అది వాయించుడు వరకే, వేరేటోళ్ల అరేంజ్‌మెంట్ మార్చి రాసుడుకు, జిరాక్స్ తీసి పక్క ఊరి బ్యాండ్‌కు అమ్ముడుకు, యూట్యూబ్‌ల పెట్టుడుకు వర్తించది.

అందుకే ముందుగాల పర్మిషన్ అవసరమా లేదా చూడుర్రి. మన దగ్గర లెక్క ఏందంటే, బాణీ కట్టినాయన చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏండ్లు హక్కు ఉంటది. ఘంటసాల 1974ల పోయిండు, ఆయన బాణీలు 2034 చివరి దాకా హక్కులల్లనే ఉంటయి. త్యాగరాజు 1847ల పోయిండు, కీర్తన ఎవరైనా తీసుకోవచ్చు, అయితే మొన్న మొన్న ఎవరో బ్రాస్‌కు రాసి అమ్ముతున్న కీర్తన ఉంటే ఆ రాత మాత్రం వాళ్లదే, దాన్ని ముట్టకుండ అసలు కీర్తన నుంచి మీరే రాసుకోవాలె. ఇంకో సులువు, ఫ్లెక్స్ అరేంజ్‌మెంట్లు అని దొరుకుతయి, ఒక్కో పార్ట్ బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ (వాయిద్యాల శ్రుతుల పేర్లు) వాయిద్యాలకు వేరేవేరేగ అచ్చేసి ఇస్తరు. నన్నడిగితే అసొంటివి కొనుడే నయం.

లేదంటే పబ్లిషర్‌కు మెయిల్ పెట్టాలె. సార్ మేం పేద కళాకారులం అని పేజీలకు పేజీలు రాయకుర్రి, వాళ్లకు కావాల్సింది పాట పేరు, కంపోజర్, అరేంజర్, కేటలాగ్ నంబరు, ఏ పార్ట్ ఏ వాయిద్యానికి మారుస్తున్నరు, ఎన్ని కాపీలు, అమ్ముతరా, రికార్డు చేస్తరా, గంతే. కొందరు ఉత్తగనే ఒప్పుకుంటరు, కొందరు ఫీజు అడుగుతరు, చానమంది మార్చిన రాత మీద హక్కు తమకే ఉండాలంటరు, పర్మిషన్‌తోని మార్చినం అనే లైను ప్రతి పార్ట్ కింద వేయమంటరు. జవాబు రాకుంటే ఒప్పుకున్నట్టు కాదు. ఐపీఆర్ఎస్ (పాటలు రాసేటోళ్ల, బాణీ కట్టేటోళ్ల హక్కులు చూసే సొసైటీ) లైసెన్సు టికెట్ ప్రోగ్రాంలు గిట్ల జనం ముందర వాయించెటందుకు, మార్చి రాసుడుకు అది పనికిరాదు.

ఇగ రాత పని. ఎఫ్ హార్న్ పార్ట్‌ను ఆల్టో సాక్సోఫోన్‌కు ఇయ్యాలంటే ప్రతి నోట్‌ను ఒక టోన్ పైకి రాయాలె, హార్న్ సి అంటే సాక్సోఫోన్ డి, కీ సిగ్నేచర్ల (లైను మొదట్ల వేసే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) రెండు షార్ప్‌లు పెరుగుతయి. ట్యూబా పార్ట్ యుఫోనియంకు ఇచ్చేటప్పుడే అసలు తిప్పలు, అంత లోతు బాగ రాదు కాబట్టి ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి ఎత్తుతరు, ఎత్తంగనే బేస్ పోయి ట్రాంబోన్ నోట్ల మధ్యల పడ్తది, కొన్ని తావుల ట్రాంబోనే కిందికి దిగుతది, అప్పుడు కార్డ్ (ఒక్కసారే మోగే నోట్ల గుంపు) ఉల్టా అయి పాట చివరికొచ్చి ఆగినట్టే అనిపించది. అసొంటి కాడ ట్రాంబోన్ నోట్‌ను కూడ పైకి తీసుకోవాలె, లేకుంటే అదే కార్డ్‌ల ఇంకో నోట్ ఇయ్యాలె. ట్రంపెట్లకు ఊపిరి తీసుకునే టైం ఇయ్యుర్రి, పాట మొత్తం ఒక్కనికే ఇస్తే మూడో పాటకు పెదవులు పనిచేయయి, చరణం ఒకలు పల్లవి ఒకలు పంచుకోవాలె. బ్యాండ్ మొత్తాన్ని పిలిచేముందు ట్రాంబోన్, యుఫోనియం ఇద్దరినే కూసోబెట్టి వాయించి చూడుర్రి, తప్పులు ఎక్కువ అక్కడనే దొరుకుతయి.