సిజేరియన్ అంటే ఏం అడగాలి, ముహూర్తం ఎప్పుడు పెట్టుకోవాలి

మన కోనసీమలో అమ్మాయిని పురిటికి తీసుకొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే చర్చ, నార్మలా ఆపరేషనా అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రాలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే, ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే 63. అన్నీ అక్కర్లేనివని నేను అనను, కొన్ని ప్రాణాలు నిలబెట్టినవే. కానీ మన పిల్లకి ఎందుకు చేస్తున్నారో మనం అడిగి తెలుసుకోవాలి కదండి.

ఎనిమిదో నెల చెకప్‌లోనే అడగడం మొదలెట్టండి. బిడ్డ తల కిందకి తిరిగిందా, మాయ ఎక్కడుంది, బీపీ షుగరు ఎలా ఉన్నాయి. మాయ దారికి అడ్డంగా ఉన్నా, కాన్పు టైముకి బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా ఆపరేషనే, ఇంక వాదన వద్దు. మెడకి పేగు చుట్టుకుందని స్కాన్‌లో రాస్తే మాత్రం వెంటనే హడలిపోకండి, నార్మల్‌గా పుట్టే పిల్లల్లో కూడా చాలామందికి అలా ఉంటుంది, గుండె చప్పుడు బాగుంటే అదొక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు.

నొప్పులు మొదలయ్యాక మనవాళ్ళకి ఓపిక ఉండదు, అదే అసలు సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిందేంటంటే, గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు జోరందుకున్నట్టు లెక్క, తొలి కాన్పుకి అక్కణ్ణుంచి 12 గంటల దాకా పట్టొచ్చు. అందుకని 3 సెంటీమీటర్ల దగ్గరే "ముందుకెళ్ళట్లేదమ్మా" అంటే, మర్యాదగానే అడగండి: "మేడంగారూ, బిడ్డ గుండె బాగానే ఉందాండి, ఇంకాస్త చూస్తే ఏమన్నా ప్రమాదమా, కేస్ షీట్‌లో కారణం ఏమని రాశారండి?" మంచి డాక్టరుకి ఈ ప్రశ్నకి కోపం రాదు. బొడ్డుపేగు ముందు జారినా, రక్తం బాగా పోతున్నా, బిడ్డ గుండె పడిపోతోందన్నా ప్రశ్నలు తర్వాత, ముందు సంతకం పెట్టేయండి.

ఇక ముహూర్తం. పంతులుగారి దగ్గరికి వెళ్ళే ముందు డాక్టరుగారి దగ్గర తారీఖు తీసుకోండి. ఆపరేషన్ ఎలాగూ తప్పదని తేలి, తొందరపెట్టే కారణం ఏదీ లేకపోతే, 39 వారాలు నిండాకే పెట్టుకోవాలి. మంచి నక్షత్రం ఉందని 37లోనే తీయించేస్తే బిడ్డకి ఊపిరి సరిగ్గా అందక అద్దాల గదిలో పెట్టాల్సి రావచ్చు, ఆ నాలుగు రోజులూ తల్లి ఒకచోట బిడ్డ ఒకచోట. తెల్లారుఝామున మూడింటికి లగ్నం బాగుందన్నా వద్దండి, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం అన్నీ అందుబాటులో ఉండే పగటిపూటే అడగండి.

మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అని రూలేం లేదు. పాత డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా దాచండి, గర్భసంచి మీద కోత కింద అడ్డంగా పెట్టారా నిలువుగా పెట్టారా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. కింద అడ్డకోత ఒకటే ఉంటే నార్మల్‌కి ప్రయత్నించొచ్చు, కాకపోతే ఏ క్షణాన కావాలన్నా థియేటరు తెరిచే పెద్దాస్పత్రిలోనే. ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్ల దగ్గర అతుక్కుపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది, మూడో బిడ్డ ఆలోచన ఉన్నవాళ్ళు ఇది ముందే మాట్లాడుకోవాలి.

లంకల్లో ఉండేవాళ్ళకి ఇంకోమాట. జూలై ఆగస్టుల్లో నెలలు నిండేట్టుంటే వరద వచ్చాక పడవ కోసం చూడొద్దు, కాజ్‌వే మునక్క ముందే అమలాపురమో రాజమండ్రో కాకినాడో చుట్టాలింటికి చేరిపోండి, ఆశా కార్యకర్తకి కూడా ముందే చెప్పి ఉంచండి. గవర్నమెంటు ఆస్పత్రిలో కాన్పుకీ సిజేరియన్‌కీ మందులకీ డబ్బు కట్టక్కర్లేదు, ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉంటుంది.

ఆపరేషన్ అయినా సరే తల్లి తెలివిగా ఉంటే మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించమని నర్సుని అడగండి, ఎవరొచ్చి తేనె నాకిస్తామన్నా ఒప్పుకోకండి. ఇంటికొచ్చాక జ్వరం, కుట్లలో చీము, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, తగ్గని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.