పాత జీపు సామాన్ల తుప్పుకి బట్టల సోడా

విశాఖ ఉప్పుగాలికి పాత విల్లీస్, జోంగా జీపుల బ్రాకెట్ల మూలల్లో పట్టిన తుప్పు ఎంత గీకినా వదలదు.

ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీళ్లకి 3 పెద్ద చెంచాల బట్టల సోడా కలపండి. సామానునీ, దానికి తగలకుండా ఓ పాత ఇనప రేకునీ అందులో వేలాడదీయండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ సామానుకి, పాజిటివ్ రేకుకి. పాతరకం చార్జరే కావాలి, ఆటోమేటిక్‌వి బ్యాటరీ లేందే ఆన్ కావు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లగా మారి వైరు బ్రష్‌కి ఊడొస్తుంది. స్విచ్ ఆపాకే చెయ్యి పెట్టండి. కడిగి ఆరగానే ప్రైమర్ కొట్టేయాలి, మన తేమకి ఇట్టే మళ్లీ ఎర్రబడుతుంది.

అల్యూమినియం, జింకు భాగాలు మాత్రం వేయొద్దు, తినేస్తుంది. స్ప్రింగులూ వద్దు, పెళుసెక్కుతాయి. ఇనుముకి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పెడితే నీళ్లు విషమవుతాయి. హైడ్రోజన్ వస్తుంది కనుక ఆరుబయటే, నిప్పుకి దూరంగా.