పండుగ రోజుల్లో కీమోథెరపీ: ఇంట్లో ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ముందుగా చేయవలసిన పని ఒకటి ఉంది. క్యాలెండర్‌లో కీమో ఎక్కించిన తేదీ పక్కన 1 అని రాసి, అక్కడి నుంచి తర్వాతి డోసు వరకు వరుసగా అంకెలు వేసుకోవాలి. చాలా చికిత్సల్లో డోసుకూ డోసుకూ మధ్య రెండు లేదా మూడు వారాల ఎడం ఉంటుంది. పండుగ ఆ అంకెల్లో ఎక్కడ పడిందో చూస్తే, ఆ రోజు ఏ ఇబ్బంది తలెత్తవచ్చో సగం తెలిసిపోతుంది. వారం వారం మందు ఎక్కించుకునేవారికి, మాత్రల రూపంలో తీసుకునేవారికి ఈ లెక్క ఇంత స్పష్టంగా కుదరదు కాబట్టి వారు తమ వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

సమస్య: పండుగ సరిగ్గా డోసు వారంలోనే వచ్చింది

డోసుల మధ్య విరామాన్ని రక్తకణాలు కోలుకోవడానికి పట్టే కాలాన్ని బట్టి నిర్ణయిస్తారు. సెలవులతో దానికి సంబంధం లేదు. కొన్ని సందర్భాల్లో వైద్యులు రెండు మూడు రోజులు అటూ ఇటూ మార్చడానికి ఒప్పుకుంటారు. వ్యాధిని పూర్తిగా నయం చేసే ఉద్దేశంతో ఇస్తున్న చికిత్సలో అంత వెసులుబాటు ఉండకపోవచ్చు. ఈ మాట కనీసం ఒక డోసు ముందుగానే అడగాలి. సొంత నిర్ణయంతో డోసు మానుకోకూడదు. మార్చడం వీలుకాకపోతే కుటుంబమంతా కలిసే రోజునే మార్చుకోవాలి. మూడు వారాల చికిత్సలో చివరి వారం సాధారణంగా అన్నిటికన్నా తేలికగా గడుస్తుంది. తెలుగులో ‘జరపడం’ అనే మాటకు వేడుక చేసుకోవడం, పక్కకు కదపడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఈ సందర్భంలో రెండూ పండుగకే వర్తించాలి, డోసుకు కాదు.

సమస్య: మొదటి రెండు రోజులు హుషారుగా పని చేసి, నాలుగో రోజున లేవలేకపోవడం

దీనికి కారణం చాలాసార్లు కీమో మందు ఒక్కటే కాదు. వాంతులు, అలర్జీ రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మనిషికి అరువు శక్తిని ఇస్తుంది, రాత్రి నిద్రను చెడగొడుతుంది. అది ఆపగానే ఒంట్లో సత్తువ ఒక్కసారిగా జారిపోతుంది. ఇల్లు సర్దడం, వంట, కొనుగోళ్లు అన్నీ ఆ రెండు రోజుల్లోనే ముగించాలని చూసేవారు తర్వాతి వారమంతా దాని బాకీ తీరుస్తూ ఉంటారు. కాబట్టి ఆ హుషారును నమ్ముకుని పనులు పెట్టుకోకూడదు. ఆ మాత్రను ఉదయం వేళ వేసుకోవచ్చునా అని వైద్యులను అడగాలి; మధుమేహం ఉన్నవారు ఆ రోజుల్లో రక్తంలో చక్కెరను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. నీరసం తగ్గకుండా రోజురోజుకూ పెరుగుతున్నా, నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్ తగ్గి ఉండవచ్చు. ఆ సంగతి వైద్యులకు తెలియజేయాలి.

కీమో నీరసం విశ్రాంతితో పూర్తిగా తీరేది కాదు. రోజూ కొద్దిసేపు నెమ్మదిగా నడవడం వల్ల అది కొంత తగ్గుతుంది. పండుగ పనుల్లో మనసుకు నచ్చినది ఒక్కటి మాత్రం ఉంచుకుని, మిగతావి ఇతరులకు అప్పగించడమే మేలు. ఇంట్లోవారు కూడా “ఏమైనా సాయం కావాలా?” అని అడిగితే “ఏమీ వద్దు” అన్న జవాబే వస్తుందని గుర్తించి, “శనివారం వంట మేము చూసుకుంటాం” అని పని పేరుతోనే చెప్పాలి.

సమస్య: అతిథులు ఉన్న సమయంలో ఒళ్లు వెచ్చబడింది

ఈ మార్గదర్శినిలో తక్షణం స్పందించవలసిన సమస్య ఇదే. ఎన్నో చికిత్సల్లో కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, బాగా తగ్గిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కన్నా తగ్గితే ప్రమాదం తీవ్రమైనట్టు లెక్క. చీము, వాపు వంటి లక్షణాలను కలిగించేది ఆ కణాలే కావడం వల్ల, అవి లేనప్పుడు లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి జ్వరం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు.

ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, అది అర్ధరాత్రి అయినా పండుగ ఉదయం అయినా, ఆస్పత్రి అత్యవసర నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. “కీమో తీసుకుంటున్నాము, ఇది ఇన్నో రోజు, జ్వరం ఇంత ఉంది” అన్న మూడు విషయాలూ మొదటి మాటల్లోనే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి జ్వరానికి ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది వైద్యులు పాటించే నియమం. వారితో మాట్లాడకముందే పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం తాత్కాలికంగా దిగి, అసలు సమస్య మరుగున పడుతుంది. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో జ్వరం అంతగా పైకి కనిపించకపోవచ్చు కాబట్టి, చలితో వణుకు వచ్చినా, ఉన్నట్టుండి నలతగా అనిపించినా థర్మామీటర్ అంకె కోసం ఎదురుచూడకూడదు.

ఆలస్యానికి కారణం చాలాసార్లు మొహమాటమే. నలుగురూ సంతోషంగా ఉన్న పూట ఎందుకు కంగారు పెట్టడం అనుకుని రోగి ఆ మాట మనసులోనే దాచుకుంటారు. అందుకే సెలవులకు ముందే, ఆ రోజుల్లో ఏ నంబరుకు చేయాలో, ఎవరు బండి నడుపుతారో, పిల్లల దగ్గర ఎవరు ఉంటారో తేల్చి పెట్టుకోవాలి. మందుల పేర్లు రాసిన కాగితం సంచిలో ఉండాలి, వాడుతున్న మాత్రలు సెలవులు ముగిసేవరకు సరిపోవాలి.

సమస్య: జలుబుతో ఉన్న బంధువు వస్తానంటున్నారు

కణాలు తగ్గిన రోజుల్లో ఇతరులకు చిన్నదైన జలుబు కూడా రోగికి పెద్దది కావచ్చు. రావద్దని చెప్పే బాధ్యత రోగి మీద పెట్టకుండా ఇంట్లో మరొకరు ముందుగానే ఫోన్ చేసి చెప్పాలి. గుమ్మం దాకా వచ్చిన మనిషిని వెనక్కి పంపడం ఎవరికైనా కష్టమే. ఆరోగ్యంగా ఉన్నవారు చేతులు కడుక్కుని రావచ్చు, గాలి ఆడే చోట కొద్దిసేపు కూర్చోవచ్చు. రోగిని కౌగిలించుకోవడం, పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వల్ల కీమో మందు ఇతరులకు అంటదు. జాగ్రత్త పడవలసినది మలమూత్రాలు, వాంతుల విషయంలోనే. డోసు తర్వాత కనీసం 48 గంటలు మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు నీరు వదలాలి, శుభ్రం చేసేవారు గ్లవ్స్ వేసుకోవాలి, గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

సమస్య: వంట వాసనకే వికారం, వడ్డించినవారు నొచ్చుకుంటున్నారు

వికారం మొదటి రోజుతో ఆగదు. కొన్ని మందులతో, ముఖ్యంగా సిస్‌ప్లాటిన్‌తో, అది 24 గంటల తర్వాత మళ్లీ మొదలై ఐదారు రోజుల దాకా ఉంటుంది. వాంతుల మాత్రను వాంతి వచ్చాక కాకుండా, రాసిచ్చిన వేళకు తప్పకుండా వేసుకోవాలి. వాంతులు ఆపడానికి ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ వల్ల మలబద్ధకం రావచ్చునని, అది కూడా ఆకలిని చంపుతుందని చాలామందికి తెలియదు. వంట జరిగే సమయంలో రోగి మరో గదిలోనో ఆరుబయటో ఉండడం, చల్లారిన పదార్థాలను కొద్దికొద్దిగా తినడం మేలు చేస్తాయి, ఎందుకంటే వేడి పదార్థాల నుంచే వాసన ఎక్కువగా వస్తుంది. అయితే ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవారు కొన్ని రోజులపాటు బాగా చల్లటివి ముట్టకూడదు, గొంతు పట్టేసినట్టవుతుంది. లోహపు రుచి తగులుతుంటే చెక్క లేదా ప్లాస్టిక్ చెంచా వాడి చూడవచ్చు.

బాగా వికారంగా ఉన్న రోజున అత్యంత ఇష్టమైన వంటకం పెట్టడం ప్రేమే కానీ పొరపాటు. ఆ వికారంతో ముడిపడి, తర్వాత చాలాకాలం ఆ రుచే గిట్టకుండా పోవచ్చు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. రెండు గంటలకు మించి బయట ఉన్న వంటకాలు, సగం ఉడికిన గుడ్లు, మాంసం, కాచని పాలు రోగికి పెట్టకూడదు.

సమస్య: చేతిలోని వస్తువులు జారిపోతున్నాయి

పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ వంటి మందులు వేళ్ల చివరి నరాలను మొద్దుబారుస్తాయి. కత్తి పని, వేడి పాత్రలు ఎత్తే పని ఇతరులకు వదిలేయాలి, తర్వాతి డోసుకు ముందు ఈ సంగతి తప్పక చెప్పాలి. వైద్యులు డోసు తగ్గించవలసి రావచ్చు.

సమస్య: పిల్లలు ముభావంగా ఉంటున్నారు

పెద్దలు గుసగుసలాడటం, తాము గదిలోకి రాగానే మాట మార్చడం పిల్లలు గమనిస్తారు. నిజం తెలియని చోట వారు తమకు తోచిన కారణాన్ని, తరచుగా తమ తప్పునే, ఊహించుకుంటారు. ఈ జబ్బు అంటుకునేది కాదని, అది ఎవరి అల్లరి వల్లా రాలేదని, పండుగ రోజుల్లో తమను ఎవరు చూసుకుంటారన్నది వయసుకు తగిన మాటల్లో చెప్పాలి. జుట్టు సాధారణంగా మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు రాలడం మొదలవుతుంది కాబట్టి, ఫొటోలు దిగే రోజు ఆ సమయంలో పడితే వారికి ముందే చెప్పి, టోపీయో రుమాలో ఎంచుకునే పని వారికే ఇవ్వవచ్చు.