కంప్యూటర్ వాటర్ కూలర్ రేడియేటర్‌కి ఫ్యాన్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

పోయిన వేసవిలో మా తమ్ముడి కొడుకు కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయిందని ఫోన్ చేస్తే, వెళ్లి క్యాబినెట్ పక్కనున్న గాజు పలక తీసి చూశాను. గ్రాఫిక్స్ కార్డు మీద బొటనవేలి గోరంత తడి, పైన రేడియేటర్ (ప్రాసెసర్‌ని చల్లబరిచే నీళ్లను పంపు తిప్పి పంపితే, ఫ్యాన్ల గాలితో వాటి వేడి తీసే భాగం) మూలన ఒక స్క్రూ దగ్గర వేలాడుతున్న చుక్క. ర్యామ్‌కి తగులుతోందని షాపువాళ్లు 25 మి.మీ. ఫ్యాన్ తీసేసి 15 మి.మీ. సన్న ఫ్యాన్ పెట్టారు, స్క్రూలు మాత్రం పాతవే వాడారు. కార్డు పోయింది, కూలర్ పోయింది. ఇలాంటిది నేను చూడటం అది మొదటిసారి కాదు కాబట్టి ఈ పని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో రాస్తున్నాను.

ఫ్యాన్ ఎంపిక

240, 360 మి.మీ. రేడియేటర్లకు 120 మి.మీ. ఫ్యాన్లు, 280, 420 మి.మీ. రేడియేటర్లకు 140 మి.మీ. ఫ్యాన్లు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

చూడాల్సింది ఫ్యాన్ ఎంత గాలి తోస్తుందన్నది కాదు, అడ్డు ఉన్నా ఎంత గట్టిగా తోస్తుందన్నది. రేడియేటర్ అంటే దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా ఉన్న అల్యూమినియం రేకులు, వాటి సందుల్లోంచి గాలి దూరాలి. పెట్టె మీద సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోస్తుందన్నది) అంకె చూసి మురిసిపోకుండా దాని పక్కనున్న స్టాటిక్ ప్రెషర్ (అడ్డు ఉన్నా తోసే బలం) అంకె చూడండి. ఆర్కిటిక్ పీ12 సుమారు 2.2, నోక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 సుమారు 2.3 మి.మీ. నీటి ఒత్తిడి ఇస్తాయి, 120 మి.మీ.లో 2కి తక్కువున్నది రేడియేటర్‌కి కొనొద్దు. ఫ్రేము నాలుగు మూలలా నిండుగా, చదరంగా ఉండాలి. అందం కోసం మూలలు కోసేసిన ఫ్యాన్లలో గాలి రేకుల్లోకి పోకుండా పక్కలనుంచి జారిపోతుంది. బేరింగ్ ఫ్లూయిడ్ డైనమిక్ రకమే తీసుకోండి, ఎందుకంటే క్యాబినెట్ పైకప్పుకి బిగించే ఫ్యాన్ పడుకుని తిరుగుతుంది, చవక స్లీవ్ బేరింగ్ ఆ భంగిమలో తొందరగా అరిగి గరగరలాడుతుంది. లైట్లున్నవి కావాలంటే తీసుకోండి, పైన చెప్పిన మూడూ సరిపోయాకే.

ఎక్కడ, ఎటువైపు

నా లెక్కలో రేడియేటర్ పైన, గాలి బయటికి, ముందు నుంచి రెండో మూడో ఫ్యాన్లు లోపలికి. రేడియేటర్‌ని క్యాబినెట్ ముందువైపు పెడితే ప్రాసెసర్‌కి కొన్ని డిగ్రీలు మెరుగని వాదించేవాళ్లున్నారు, అది నిజమే, కానీ ఆ వేడిగాలంతా గ్రాఫిక్స్ కార్డు నెత్తిన పడుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని గది మధ్యాహ్నానికి 38 దాటుతుంది. ఏ కూలరైనా నీటిని గది వేడి కంటే కిందికి దించలేదు, అలాంటి చోట అసలే వేడిగా ఉన్న గాలిని ఇంకొంచెం కాచి కార్డుకి పోయడం నాకు నచ్చదు. క్యాబినెట్ పైకప్పులో చోటు లేకపోతేనే ముందు పెట్టండి. చోటు కొలిచేటప్పుడు మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. మదర్‌బోర్డు పై అంచు, ర్యామ్ తగలకుండా ఉండాలని గుర్తుంచుకోండి.

ముందు పెట్టాల్సి వస్తే ఒక్కటే షరతు. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. లోపల కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, అది ఎత్తైన చోటికి చేరుతుంది, ఆ చోటు పంపు అయితే గుడగుడ శబ్దంతో మొదలై పంపు చావడంతో ముగుస్తుంది.

ఫ్యాన్‌లో రెక్కలు విప్పారి కనిపించే వైపు గాలి పీలుస్తుంది, మోటార్‌ని పట్టుకున్న కడ్డీలున్న వైపు వదులుతుంది. రివర్స్ ఫ్యాన్లని ఈమధ్య వస్తున్నాయి, వాటికి ఇది తిరగబడుతుంది, కాబట్టి ఆన్ చేశాక అగరుబత్తి పొగ దగ్గర పెట్టి ఎటు పోతోందో ఒకసారి చూడండి. రేడియేటర్‌కి రెండు పక్కలా ఫ్యాన్లు పెట్టేవాళ్లున్నారు, 27 మి.మీ. రేడియేటర్‌కి అది డబ్బు దండగ.

స్క్రూలు

తొంభై శాతం జాగ్రత్త ఇక్కడే పెట్టాలి.

ఫ్యాన్ స్క్రూ సాధారణంగా 30 మి.మీ. ఉంటుంది. ఫ్యాన్ మందం 25 పోగా రేడియేటర్ లోపలికి వెళ్లేది 5 మి.మీ. ఆ 5కి సరిపడా మాత్రమే కంపెనీవాళ్లు ఖాళీ వదులుతారు. దాని వెనక నీళ్లు పారే చదును గొట్టం ఉంటుంది, గోరుతో నొక్కినా సొట్టపడేంత పల్చని అల్యూమినియం. కొన్నింటికి రంధ్రం వెనక చిన్న రేకు అడ్డం పెడతారు, చాలావాటికి పెట్టరు. 15 మి.మీ. ఫ్యాన్‌కి అదే 30 స్క్రూ వాడితే లోపలికి వెళ్లేది 15 మి.మీ. అంటే సూటిగా గొట్టంలోకి. పైగా దిగిన స్క్రూయే బిరడాలా అడ్డుపడుతుంది, కొన్ని వారాలు ఏమీ తెలియదు, తర్వాత వేడికి, అదురుకి వదులై కారుతుంది. మావాడి ఇంట్లో జరిగింది అదే.

కాబట్టి బిగించే ముందు స్క్రూని ఫ్యాన్ రంధ్రంలో దూర్చి, అవతలివైపు ఎంత బయటికొచ్చిందో స్కేలు పెట్టి కొలవండి. కంటితో చూసి సరే అనుకోవద్దు, స్కేలు పెట్టండి. 5 మి.మీ. దాటితే ఆ స్క్రూ పక్కన పడేయండి. ఫ్యాన్‌కి, రేడియేటర్‌కి మధ్య రబ్బరు ముక్కలుంటే వాటి మందం తీసేసి లెక్కేయండి. ఆ రబ్బరు ముక్కలు తీసేసినప్పుడు స్క్రూ అంతమేర లోపలికి పోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. క్యాబినెట్ రేకుకి రేడియేటర్‌ని నేరుగా పట్టించే చోట 6 మి.మీ. పొట్టి స్క్రూలు వేరే ఉంటాయి. పొట్టివి, పొడవువి విడివిడి గిన్నెల్లో పెట్టుకోండి, నేను ఎప్పుడూ రెండు స్టీలు గిన్నెలు పెట్టుకునే మొదలుపెడతాను.

మర కూడా చూడాలి. కొన్ని కూలర్లకు ఎం3, కొన్నింటికి 6-32 అనే అంగుళాల కొలత స్క్రూలు. ఎం3 మందం 3 మి.మీ., 6-32 సుమారు 3.5. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది. పొడవు చాలకపోయినా ఎక్కువైనా ఎం3 అయితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బోల్టులమ్మే కొట్లలో ఏ పొడవు కావాలన్నా దొరుకుతాయి, పాత స్క్రూ ఒకటి చేత్తో పట్టుకెళ్లండి.

ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. ముందు వేళ్లతోనే నాలుగు స్క్రూలూ రెండేసి చుట్లు పట్టించండి. వేళ్లకి ఎదురు తిరిగిందంటే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగూ పట్టాక ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. స్క్రూ తల ఫ్యాన్‌ని తాకి కదలకుండా నిలబడగానే ఆపేయండి. ఇంకొక్క పావు చుట్టు తిప్పుదామనిపిస్తుంది, ఆ పావు చుట్టుకే నేను రెండు రేడియేటర్లు పోగొట్టుకున్నాను. ఫ్యాన్ కదలకపోతే చాలు, అంతకంటే బిగువు అక్కర్లేదు.

కనెక్షన్, చివరి చూపు

ఫ్యాన్లన్నీ ఒక స్ప్లిటర్‌తో (ఒక ప్లగ్‌ని రెండు మూడుగా చీల్చే వైరు) మదర్‌బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నులు), పంపు దాని హెడర్‌కి. హెడర్ మోసేది మామూలుగా 1 ఆంపియర్, ఫ్యాన్ల స్టిక్కర్ల మీది అంకెలు కలిపి చూసుకోండి. పంపు ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచండి. ఫ్యాన్ల వేగం ప్రాసెసర్ వేడి మారిన ప్రతిసారీ ఎగిరి పడకుండా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి, నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి కాబట్టి ఫ్యాన్లకీ ఆ నిదానం చాలు.

మొదటి రోజు రేడియేటర్ కింద, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకి అంటుకోకుండా తెల్ల టిష్యూ పరిచి టేపు వేసి, రెండు గంటలు ఏదైనా బరువైన గేమ్ నడపండి. ఆపి టిష్యూ తీసి వెలుతురులో చూడండి. ఎక్కడైనా చిన్న చుక్క మరక ఉన్నా ప్లగ్ పీకేసి, ఆ చుక్క పైనున్న స్క్రూ దగ్గర నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టండి.