కొత్త మాత్ర మొదలుపెట్టే ముందు

ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులుంటే కీళ్లకు ఒక డాక్టరు, థైరాయిడ్‌కు ఇంకొకరు, చర్మానికి మరొకరు. ఒకరి చీటీ ఇంకొకరి కంట పడదు. అందుకే కలిపి చూసుకునే పని మన మీదే పడుతుంది.

- వాడుతున్నవన్నీ ఒకే కాగితం మీద రాయండి: పేరు, మోతాదు, వేళ. కంటిచుక్కలు, విటమిన్లు, మూలికా పొడులు కూడా. (స్ట్రిప్పును పేరున్న వైపు నుంచి చించితే చివరికి మిగిలేది ఊరూ పేరూ లేని రెండు మాత్రలు. నేనూ అలా తికమకపడ్డదాన్నే.)

- రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ మాత్ర ఈ జబ్బులకు వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద రాయించుకోండి. మూత్రంలో మంట అని వెళ్తే ఇచ్చే యాంటీబయాటిక్‌లో ట్రైమెథోప్రిమ్ ఉందేమో తప్పక అడగండి. ఈ రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు బాగా పడిపోవచ్చు. నోటిపూత, జ్వరం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు కనిపిస్తే రేపటిదాకా ఆగకండి.

- రోగనిరోధక శక్తిని అణిచే మరో మందు అజాథయోప్రిన్ వాడేవాళ్లు గౌట్‌కి (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పికి) ఇచ్చే అల్లోప్యూరినాల్ విషయంలోనూ అంతే జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడా రక్తకణాలు పడిపోవచ్చు.

- థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్‌కూ, కాల్షియం, ఐరన్ మాత్రలకూ మధ్య 4 గంటల ఎడం.

- రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతుంటే, టీకా వేయించుకునే ముందు అది లైవ్ టీకానా (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినదా) అని అడగండి.

- నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్‌ను, కొత్త మందు వచ్చింది కదా అని సొంతంగా ఆపేయకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిందే.